ధర్మవరం మోకాళ్లు, మా నాయన నూనె

మా నాయనకు పెనుకొండలో అంగడి ఉండేది. ఉప్పు, చింతపండు, బెల్లం, గుగ్గిలం, వీటితోపాటు హిందూపురంలో తయారయ్యే ఒక నొప్పుల నూనె అమ్మేవాడు. ఆ నూనెకు పెనుకొండ తాలూకా మొత్తానికి ఏజెంటు ఆయనే. అంగడి ముందు రేకుబోర్డు మీద ఒక ముసలాయన చేతికట్టె పారేసి పరుగెత్తుతున్న బొమ్మ ఉండేది. ఎక్కడికి పరుగెత్తుతున్నాడో బొమ్మ వేసినవాడు చెప్పలేదు. కాలేజీ చదువు మొదలయ్యాక, కొన్న సీసా వాపసు ఇవ్వడానికేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇంట్లో ఎవరితోనూ పంచుకోలేదు. ఫీజు కట్టేది ఆ ముసలాయనే గదా.

నేను రెండు దఫాలుగా బి.ఎస్సీ. పాసై, ఒక సంవత్సరం పాటు అంగట్లో కూర్చున్నాను. నేను కట్టిన పొట్లాలు గిరాకీ ఇల్లు చేరేలోపు విడిపోయేవి. "నీ చదువు అంగడికి చాలా ఎక్కువైంది రా" అనేవాడు నాయన. అది పొగడ్త కాదని నాకు తెలుసు.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో హిందూపురం సావుకారుకు ఒక కోరిక పుట్టింది. నూనె తయారుచేసేది ఆయనే. ఊళ్లన్నీ మెచ్చుకుంటున్నా, ఒక పెద్ద డాక్టరు కాగితం మీద మెచ్చుకుంటే బాగుంటుందని ఆయనకు అనిపించింది. రైల్లో ఒక పూట దూరంలో ఉన్న వైద్య కళాశాలకు డబ్బిచ్చి, నూనెను పరీక్షించమన్నాడు. అక్కడి ప్రొఫెసరు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: ఫలితం మంచిదైనా చెడ్డదైనా అచ్చు వేస్తారు. సావుకారు సంతోషంగా సంతకం పెట్టాడు. చెడ్డ ఫలితం అనేదొకటి ఉంటుందని ఆయనకు తోచలేదు.

పరీక్షకు ధర్మవరం నేతగాళ్లను ఎంచుకున్నారు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకొని పొద్దస్తమానం తొక్కే మనుషులు, మోకాళ్ల నొప్పులకు అక్కడ కొదవ లేదు. వాళ్ల మాట తెలిసి, ఇల్లిల్లూ తిరిగి, నొప్పి తగ్గిందా లేదా అని రాసుకొచ్చే మనిషి కావలసి వచ్చాడు. సావుకారు నా పేరు చెప్పాడు. ఆరు నెలల ఉద్యోగం, నెల జీతం. నాయన ముఖం వెలిగిపోయింది.

"నూనె అమ్మేది మనం, నూనె మంచిదని రాసేది మనోడు. ఇంగేం గావల్లప్పా!" అన్నాడు పక్కంగడాయనతో.

"అది కొంచెం బాగుండదేమో నాయనా" అన్నాను.

"ఏంటికి బాగుండదు? ముక్కూ మొగం తెలీనోడు రాస్తే బాగుంటాదా?"

పక్కంగడాయన కూడా తల ఊపాడు. పెనుకొండలో ఏ పనికైనా తెలిసినవాణ్ణి వెతుక్కోవడమే పద్ధతి. తెలియనివాడి చేత చేయించుకోవాలని ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.

ధర్మవరంలో రైల్వే స్టేషను దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నారు. ప్రొఫెసరు గారు మొదటిసారి వచ్చినప్పుడు సావుకారు స్వయంగా స్టేషనుకు వచ్చి కాఫీ ఇప్పించాడు. ప్రొఫెసరు గారు తాగి, తన కాఫీకి తానే డబ్బులు బల్ల మీద పెట్టారు. సావుకారు బాధపడ్డాడు. కులం సంగతి కాబోలని కూడా కాసేపు అనుకున్నాడట. ఆ తర్వాత, పెద్ద చదువుల వల్ల మనుషులు ఇలా అవుతారని నాకు చాటుగా చెప్పి, నన్ను ఓదార్పుగా చూశాడు.

గదిలో కూర్చున్నాక ప్రొఫెసరు గారు పద్ధతి వివరించారు. సీసాల మీద అంకెలు మాత్రమే ఉంటాయి. సగం సీసాల్లో సావుకారు నూనె. సగం సీసాల్లో అదే రంగు, అదే వాసన కలిపిన వేరుశనగ నూనె. ఏ అంకె ఏ నూనెదో రాసిన కాగితం లక్క ముద్ర వేసిన కవరులో కాలేజీలో ఉంటుంది. పూసుకున్నవాడికీ తెలియదు, అడిగేవాడికీ తెలియదు.

"ఇంకొక్క మాట" అన్నారాయన. ఆయన అందరినీ 'మీరు' అనేవారు, జట్కావాణ్ణి కూడా. "ఈ నూనె అమ్ముడుపోతే ఎవరికి ఏం లాభమో, ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ కాగితం మీద రాసి ఈ గోడకు అంటించాలి. లాభం ఉండడం నేరం కాదు. దాచడం నేరం. లాభం ఉన్నవాళ్లు నొప్పి సంగతి మాత్రం రాయకూడదు."

ముందు తన కాగితం తానే రాసి అంటించారు. నాకు ఇప్పటికీ గుర్తే: 'ఈ పరిశోధనకు డబ్బు ఇచ్చినది నూనె తయారుదారు. నా జీతం సర్కారుది. తయారుదారు మా ఇంటికి ఒక బుట్ట దానిమ్మపళ్లు పంపారు. తిరిగి పంపించాను. అందులో ఒకటి అప్పటికే మా అమ్మాయి తినేసింది.'

తర్వాత కాగితం నా ముందు పెట్టారు. నేను ఆలోచించాను. నూనె ఏజెంటు మా నాయన, నేను కాదు. నాయనకు వచ్చే లాభంలో ఒక్క పైసా కూడా ఆయన నాకు ఎన్నడూ చూపించలేదు. ఈ తర్కం నాకు చాలా గట్టిగా కనిపించింది. 'నాకు ఏమీ లాభం లేదు' అని రాసి, దానిమ్మపండు పక్కనే అంటించాను.

మొదటి వారం సీసాలు పంచాను. రెండో వారం నుంచి నోటుబుక్కు పట్టుకొని ఇంటింటికీ తిరిగాను. మూడు గడులు: తగ్గలేదు, కొంచెం తగ్గింది, బాగా తగ్గింది.

"నొప్పి ఎట్లుండాదన్నా?"

"బాగ తగ్గింది, రాసుకో."

పక్కింట్లో: "ఏమక్కా, నీ మోకాలు?"

"శానా తగ్గిండాది నాయనా. లేడిపిల్ల మాదిరి తిరుగుతాండా."

ఆమె ఆ మాట కూర్చున్నచోటినుంచి కదలకుండా చెప్పింది. నేను రాసుకున్నాను. ఒక ఇంట్లో సీసా దేవుడి గూట్లో పసుపు కుంకుమలతో, మూత తీయకుండా ఉంది. ఆ ఇంటాయనకూ బాగా తగ్గింది. నెల తిరిగేసరికి రెండు వీధుల్లోని మోకాళ్లన్నీ మూడో గడిలో చేరాయి. మొదటి రెండు గడులు తెల్లగా, నిన్న సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి.

సైన్సు రెండు దఫాలు చదివినవాణ్ణి. సగం సీసాల్లో ఉన్నది వేరుశనగ నూనె అని తెలిసినవాణ్ణి. ఆ నూనెకే ఇంత శక్తి ఉంటే, మా జిల్లాలో వేరుశనగ పండించే ప్రతి ఊళ్లోనూ జనం ఎగురుతూ తిరగాలి. అలా ఎవరూ తిరగడం లేదు.

చివరి ఇంట్లో ఒక తాత ఉండేవాడు. పట్టుచీరకు అంచు నేయడంలో ఆయన చేతిని మించిన చెయ్యి ఆ వీధిలో లేదనేవాళ్లు. ఆయన కుడి మోకాలు కొబ్బరికాయంత వాచి ఉండేది. దూలానికి ఒక తాడు కట్టుకొని, దాన్ని పట్టుకొని మగ్గం గుంటలోంచి పైకి లేచేవాడు. ఆ రోజు ఆయన లేవడానికి పట్టిన సేపట్లో నేను ఆయన ముసలామె ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి ఇచ్చాను.

"తాతా, మోకాలెట్లుండాది?"

"బాగ తగ్గింది" అన్నాడు, తాడు ఇంకా వదలకుండా.

"తాతా, నాకు కండ్లు కనపడతాయి."

"కనపడితే కనపడనీ. నువ్వు తగ్గిందని రాసుకో."

"నువ్వు లేని మాట చెప్పల్సిన పనేముండాది?"

ఆయన నాకేసి జాలిగా చూశాడు. "ఏమబ్బా, పెనుకొండ సంతకొస్తే మీ నాయన నన్ను అంగట్లో కూచోబెట్టి, యోగక్షేమాలడిగి, వక్కాకు పెడతాడు. ఆయన అమ్మే సరుకు బాగలేదని ఆయన కొడుకు మొగం మీదనే చెప్తానా? నాకేమన్న బుద్ధి లేదనుకుంటివా?"

"మా నాయన అమ్ముతాడని నీకెట్ల తెలుసు?"

"ఈ రెండు ఈదుల్లో తెలీందెవురికి? మేమంతా మాట్లాడుకునే చెప్తాండాం."

ముసలామె రాట్నం ఆపి అందుకుంది. "రాసుకో నాయనా, దిగులుపడొద్దు. నీ పుస్తకం బాగుండల్ల, మీ నాయన అంగడి బాగుండల్ల. ఈయన మోకాలుదేముంది, అది ఎప్పుడూ ఉండేదే."

"ఆసుపత్రికి పోలేదా?"

"యాడ పోయేది? ఇంగొక మందు వాడొద్దంటివి గదా, నీ పరీక్ష అయ్యేవరకు."

నిజమే, అన్నాను. ప్రొఫెసరు గారి షరతు అది. నొప్పి ముదిరితే వెంటనే నాకు చెప్పమని కూడా ఆయన అన్నారు. అయితే ఈ తాత నాకు చెప్పడు, మర్యాద గలవాడు కనుక. నేను నిజం చెబితే నా ఉద్యోగం, నాయన ఏజెన్సీ రెండూ పోతాయి. చెప్పకపోతే ఆ మోకాలు 'బాగా తగ్గింది' గడిలోనే ఉండి కొబ్బరికాయ నుంచి గుమ్మడికాయ అవుతుంది. ఆ లెక్క వేయడానికి బి.ఎస్సీ. అవసరం లేదు. అందుకే కాబోలు నాకు రెండు రోజులు పట్టింది.

ముందు పెనుకొండకు వెళ్లి నాయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అందరూ తగ్గిందంటాండారు గదా. మరి నీకొచ్చిన కష్టమేంది?"

"తగ్గలేదు నాయనా. నీ మీద మర్యాదకి అంటాండారు."

"నా మీద అంత మర్యాద ఉండాదా ధర్మవరంలో?" నాయన కాసేపు ఆ సంగతి మీదే ఆగిపోయాడు. తర్వాత తేరుకున్నాడు. "చూడు, నిజం చెప్పేది తప్పు గాదు. ఈ నెల చెప్పేది తప్పు. నిన్ననే పదిపెట్టెల సరుకు దించుకున్నా."

వంటింట్లోంచి మా అవ్వ అరిచింది: "ఆ నూనె నా నడుముకు రెండేండ్లు పూసినార్రా. దీపానికి పోసుంటే ఇల్లన్నా ఎలుగుతుండె."

"నువ్వు సుమ్మనుండమ్మా!" అన్నాడు నాయన. నేను బయలుదేరుతుంటే, "ఆ ముసలోడు, అంచు బాగ నేస్తాడే, ఆయనేనా?" అని అడిగాడు. అవునన్నాను. "ఊ" అన్నాడు. అది అనుమతి అని నేను తీసుకున్నాను. ఆయన అలా ఇవ్వలేదని తర్వాత చాలాసార్లు చెప్పాడు.

నెల లెక్క చూడడానికి ప్రొఫెసరు గారు పొద్దుటి ప్యాసింజరులో ధర్మవరంలో దిగారు. ప్లాట్‌ఫారం మీదే చెప్పేశాను. ఆయన గొడుగు కింద పెట్టి విన్నారు.

"మీ తండ్రిగారు ఈ నూనెకు ఏజెంటు అన్న విషయం మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"చిన్నప్పటినుంచి సార్."

"గోడకు ఏమని రాశారు?"

"నాకు ఏమీ లాభం లేదని సార్."

"ఆ మాట మీరు నమ్మారా?"

"రాసేటప్పుడు నమ్మాను సార్. అంటించేటప్పుడు కొంచెం తగ్గింది."

ఆయనకు నవ్వు రాలేదు. నోటుబుక్కు తీసుకొని, నెల రోజుల నా కష్టాన్ని పేజీ పేజీకీ అడ్డంగా కొట్టేశారు. నేరుగా తాత ఇంటికి నడిచారు. మగ్గం గుంట పక్కనే చాప మీద కూర్చొని ఆ మోకాలు పరీక్షించి, తాతను పరీక్ష నుంచి తప్పించి, ఆ రోజు బండికే కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోయే ఏర్పాటు చేశారు. తాత బయలుదేరుతూ నాతో అన్నాడు: "మీ నాయనకు చెప్పు, నేనేమీ అన్లేదని."

గదికి తిరిగొచ్చాక నా వస్తువులు సర్దుకోబోయాను. ప్రొఫెసరు గారు ఆపారు. "తప్పులో సగం మీది. డబ్బిచ్చిన పెద్దమనిషి చెప్పిన కుర్రవాణ్ణి, ఎవరి కొడుకని అడగకుండా తీసుకున్న సగం నాది." అని, గోడ మీది తన కాగితంలో దానిమ్మపండు కింద ఆ మాట కూడా రాశారు. నన్ను తీసేయలేదు. సీసాలు కడిగి, అంకెల చీటీలు అంటించే పని ఇచ్చారు. మోకాళ్లున్న ఏ ఇంటి గడపా తొక్కకూడదన్నారు. ధర్మవరంలో మోకాళ్లు లేని ఇల్లు నాకు దొరకలేదు కనుక మిగిలిన నెలలు గదిలోనే ఉన్నాను.

ఇప్పుడు అడిగి రాసుకునేందుకు, నూనెతో ఏ లాభమూ లేని మనిషి కావాలి. వెతకడానికి ఇద్దరం బయలుదేరాం. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కాంపౌండరు ఉత్సాహంగా వచ్చాడు. ఆయన చిన్న డబ్బాల్లో తన సొంత నొప్పుల మైనం అమ్ముతాడని రెండో ప్రశ్నకు తేలింది. ఒక బడి అయ్యవారు వచ్చారు. ఆయన అద్దెకున్న ఇల్లు సావుకారు తమ్ముడిది. "నూనె అమోఘం. యాడ సంతకం పెట్టల్లో చెప్పండి, ఇప్పుడే పెడతా" అన్నారు. బెణుకులు సరిచేసే వస్తాదు ఒకాయన వచ్చి, నూనె పనిచేస్తే తన పొట్ట కొట్టినట్టేనని, కాబట్టి పనిచేయదని ముందే మాటిచ్చాడు.

చివరికి దొరికింది ఒక రిటైరైన రైలు గార్డు. కన్నడం మాట్లాడే మనిషి, తెలుగు వచ్చు గాని ఎవరి మీదా ఖర్చుపెట్టేవాడు కాదు. స్టేషను వెనక ఒంటరిగా ఉండేవాడు. ముప్పై ఏళ్లలో ఊళ్లో ప్రతి ఒక్కరితోనూ ఒక్కసారైనా పోట్లాడాడు. నూనె అంటే గిట్టదు. చారులో తిరగమోత కూడా వేసుకోడు. గోడకు ఆయన అంటించిన కాగితం ఇది: 'ఈ నూనె వల్ల గాని, ఏ నూనె వల్ల గాని, ఈ ఊరి మనుషుల వల్ల గాని నాకు ఇంతవరకు ఏ లాభమూ లేదు.'

ప్రొఫెసరు గారు అది రెండుసార్లు చదివి, "ఇన్నాళ్లకు" అన్నారు.

పరీక్ష కొత్తగా, కొత్త సీసాలతో మొదలైంది. గార్డు చేతిలో గడియారం పట్టుకొని, టిక్కెట్లు చూసినట్టు మోకాళ్లు చూస్తూ పోయేవాడు. ఆయన మీద ఎవరికీ మర్యాద లేదు, ఆయన తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు. అందుచేత ధర్మవరం మొట్టమొదటిసారి నిజం మాట్లాడింది. లేడిపిల్ల అక్క గొంతు స్టేషను దాకా వినిపించేది: "తగ్గేదేంది నీ తలకాయ! రాత్రంతా పీకతాండాది. జిడ్డుకు చీమలొక్కటి! రాసుకో!"

"రాసుకున్నా. ముందుకు నడువు" అనేవాడు గార్డు, ఆమె ఇంట్లో నిలబడి.

గడువు ముగిశాక సావుకారు ఎదుటే లక్క ముద్ర పగలగొట్టారు. రెండు నూనెలకూ తేడా ఏమీ లేదు. రెండూ సమానంగా పనిచేయలేదు. సావుకారు కాసేపు కాగితం కేసి చూసి, తేరుకున్నాడు.

"అంటే మా నూనె చెనిక్కాయ నూనెకి ఏమాత్రం తీసిపోదని గదా సార్ మీరు రాసింది? అది సీసా మీద వేసుకోవచ్చునా?"

"పూర్తిగా వేసుకుంటే వేసుకోండి" అన్నారు ప్రొఫెసరు గారు. "మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా."

సావుకారు సీసా చిన్నదని చెప్పి విరమించుకున్నాడు. ప్రొఫెసరు గారు మాటిచ్చినట్టే ఫలితం అచ్చు వేశారు. అందులో దానిమ్మపండు కూడా ఉంది, నా తప్పు కూడా ఉంది, నా పేరు లేకుండా. తాత మోకాలిలో నీరు తీసేశారు. ఆయన మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. నా ఆరు నెలలు అయిపోయాయి. ఆ వారంలోనే సావుకారు ఏజెన్సీని నాయన దగ్గరినుంచి తీసి, ఎదురంగడికి ఇచ్చాడు.

నేను ఇంటికి వచ్చాక నాయన నాతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు. కావలసినవి అవ్వ ద్వారా అడిగేవాడు. నేను పక్కనే ఉన్నా, "వాణ్ణి బెల్లం దించమను" అని వంటింట్లోకి కేకేసేవాడు. అమ్ముడుపోని నూనె పెట్టెలు గోడవారగా పేర్చి ఉండేవి. వాటిని దాటుకుంటూ తిరిగేవాళ్లం.

తొమ్మిదో రోజు రొద్దం వైపునుంచి ఒక రైతు వచ్చాడు.

"ఏమప్పా, ఆ నొప్పుల నూనె ఒక సీసా ఇయ్యి."

"లేదు" అన్నాడు నాయన.

"ఆడ పేర్చినావు గదా, కనపడతాండాయి."

"ఉండాయి. పని చెయ్యవు."

"ఎవురు చెప్పిరి?"

నాయన చింతపండు తూకం వేస్తూ, తల నా వైపు ఊపాడు. "మావోడు. ధర్మవరంలో మోకాళ్లన్నీ చూసొచ్చినాడు."

రైతు నన్ను ఎగాదిగా చూశాడు. అంత ఘనకార్యం చేసినవాడిలా నేను కనిపించి ఉండను. "పని చెయ్యకుంటే మానె. వాసన బాగుంటాది. మా ఇంట్లో ఆమెకి అది పూసుకుంటేనే నిద్రపట్టేది. ఇయ్యప్పా."

నాయన తక్కెడ కింద పెట్టాడు. మనిషి లోపల ఏజెంటుకూ, కొడుకు తండ్రికీ కొంత పెనుగులాట జరిగినట్టు కనిపించింది.

"నొప్పికని అయితే ఇయ్యను. వాసనకైతే ఇస్తా. ఏంటికి కొంటాండావు?"

"వాసనకే."

"ఇంగోసారి చెప్పు."

"వాసనకప్పా! నూనె కొనేదానికి ఇంత పంచాయితీనా?"

నాయన తొమ్మిది రోజుల్లో మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడాడు. "రాసుకో రా."

రాసుకున్నాను. వాళ్లావిడ మోకాలు ఎలా ఉందని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ సీసా అమ్ముడుపోతే నాకు లాభం ఉంది మరి. ఇంట్లో అన్నం తినేది నేనే.